బస్తీలో పావు కిలో టమాటా ధర ఎవరు రాసుకుంటున్నారు?

సంపాదకుల వారికి నమస్కారం.

రేషను దుకాణాల్లో సన్నబియ్యం పంపిణీ గురించి మీ పత్రికలో వార్తలు, పాఠకుల లేఖలు తరచుగా చూస్తున్నాను. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన ఈ పథకం కింద మనిషికి నెలకు ఆరు కిలోల చొప్పున ఉచితంగా అందుతున్న బియ్యం నాణ్యత మీద, తూకం మీద, కొత్త కార్డుల మీద జరుగుతున్న చర్చ అవసరమైనదే. దొడ్డుబియ్యాన్ని దళారులకు వచ్చిన ధరకు అమ్ముకుని కిరాణా కొట్టులో సన్నబియ్యం కొనుక్కున్న కుటుంబాలు ఇప్పుడు ఇచ్చిన బియ్యాన్నే వండుకుంటున్నాయంటే అది చిన్న మార్పు కాదు. అయితే కంచంలో ఆ అన్నం పక్కన ఏముంటున్నదన్న సంగతి మీద ఇంత చర్చ ఎక్కడా జరగడం లేదు. దాన్ని గురించే, హైదరాబాదు బస్తీల వరకు పరిమితమై, నాలుగు మాటలు రాస్తున్నాను. గృహవిజ్ఞానం బోధించి విశ్రాంతి తీసుకున్న నాకు ఈ నగరపు బస్తీలతో చాలాకాలంగా పరిచయం ఉన్నది.

ముందుగా ఒక చిన్న లెక్క. పోషకాహారం గురించి దేశమంతటికీ సలహాలిచ్చే జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ఆ సంస్థ 2024లో సవరించి విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2,000 కిలోకేలరీలు అవసరమైన మనిషి 250 గ్రాముల ధాన్యం, ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు, 85 గ్రాముల పప్పులు లేదా వాటికి బదులుగా గుడ్లు, మాంసం తీసుకోవాలి. నెలకు ఆరు కిలోల బియ్యమంటే రోజుకు 200 గ్రాములు. అంటే ధాన్యం వాటాలో అయిదింట నాలుగు వంతులు ప్రభుత్వమే ఉచితంగా ఇంటికి చేరుస్తున్నది. మిగిలిన కంచమంతా, అంటే రక్తం పట్టడానికీ పిల్లలు ఎదగడానికీ కావలసిన భాగమంతా, బస్తీ కుటుంబం బజారులో తన సొంత డబ్బుతో కొనుక్కోవాలి.

నలుగురున్న ఇంటికి అది ఎంతవుతుందో ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ధరలు మరీ మండిపోని రోజుల్లో కూరగాయలు సగటున కిలో 40 రూపాయలు, పండ్లు 90, పాలు లీటరు 58, కందిపప్పు కిలో 130 అనుకుందాం. పైన చెప్పిన కొలతల ప్రకారం కూరగాయలకు, పండ్లకు కలిపి రోజుకు వంద, పాలకు డెబ్బై, పప్పుకు నలభై నాలుగు రూపాయలవుతాయి. నెల తిరిగేసరికి ఆరు వేల నాలుగు వందల పైచిలుకు. పిల్లలకు అంత అక్కరలేదని నాలుగో వంతు తగ్గించినా నాలుగు వేల ఎనిమిది వందల దగ్గర నిలుస్తుంది. నూనె, ఉప్పు, చింతపండు, గ్యాసు ఇందులో చేరలేదు. కేంద్ర గణాంక శాఖ 2023–24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, దేశంలోని పట్టణ జనాభాలో అట్టడుగు అయిదు శాతం మంది నెలసరి తలసరి ఖర్చు, ఇంటి అద్దె దగ్గర్నుంచి మందుల దాకా అన్నీ కలిపి, 2,376 రూపాయలు. నలుగురికి తొమ్మిది వేల అయిదు వందలు. అందులో సగానికి పైగా కూరగాయలకు, పండ్లకు, పాలకు, పప్పుకే పెట్టగల ఇల్లాలు ఎవరో నాకు తెలియదు. అదే సర్వేలో పట్టణ కుటుంబాలు సగటున మొత్తం ఖర్చులో కూరగాయలకు పెడుతున్నది సుమారు నాలుగు శాతం కాగా, పానీయాలకు, చిరుతిళ్లకు, ప్యాకెట్లలో దొరికే ఆహారానికి పెడుతున్నది పదకొండు శాతం. ఇది ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కలిపి తీసిన సగటే అయినా గాలి ఎటు వీస్తున్నదో తెలుస్తూనే ఉన్నది.

ఫలితం ఎలా ఉన్నదో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో 57.6 శాతం మందికి, ఆరు నెలలు దాటిన అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. అదే రాష్ట్రంలో స్త్రీలలో 30.1 శాతం మంది ఉండవలసినదాని కంటే ఎక్కువ బరువున్నారు. రక్తహీనత పేదల సమస్య, ఊబకాయం కలవారి సమస్య అని విడదీసి చూసే రోజులు పోయాయి. బస్తీ దవాఖానాకు వెళ్లి కాసేపు కూర్చుంటే ఒకే ఇంట్లో తల్లికి చక్కెర వ్యాధి, కూతురికి రక్తం తక్కువ, మనవడికి ఎదుగుదల లేకపోవడం కనిపిస్తాయి. ముగ్గురూ తినేది ఒకే గిన్నెలోని అన్నం, ఒకే పలుచని చారు.

ఈ సర్వేలన్నీ జిల్లా దగ్గర ఆగిపోతాయన్నది ఇక్కడ అసలు చిక్కు. జూబ్లీహిల్స్, రసూల్‌పురా, అడ్డగుట్ట, తలాబ్‌కట్ట అన్నీ కలిసి ఒక్క అంకెగా మారిపోయిన తరువాత ఆ అంకెతో ఏ కార్పొరేటరూ, ఏ జోనల్ కమిషనరూ చేయగలిగింది ఏమీ ఉండదు. మహానగర పాలక సంస్థ దగ్గర దోమల లెక్క ఉన్నది, చెత్త బళ్ల లెక్క ఉన్నది, వీధి దీపాల లెక్క ఉన్నది. ఫలానా బస్తీలో పాలకూర కట్ట ఎంతకు దొరుకుతున్నది, ఏ వేళకు దొరుకుతున్నది, దొరికినది తినేలా ఉన్నదా అన్న లెక్క మాత్రం ఏ కార్యాలయంలోనూ లేదు. ఆహార కల్తీ తనిఖీ అధికారులు ఉన్నారు గానీ వారి పని వేరు. ఈ లెక్క మొదలు పెట్టనిదే మిగతా ఏ పథకమైనా చీకట్లో రాయి విసిరినట్లే అవుతుంది.

లెక్క అంటే ఎలాంటి లెక్క అన్నది కూడా ముఖ్యమే. అమెరికాలో వ్యవసాయ శాఖవారు నగరాల్లో సూపర్‌మార్కెట్టు ఒక మైలుకు మించి దూరంగా ఉన్న పేద ప్రాంతాలను ఆహారపు ఎడారులుగా పటం మీద గుర్తించారు. ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చి మన దగ్గర కొలిస్తే హైదరాబాదులో ఎడారి ఒక్కటి కూడా దొరకదు, ఎందుకంటే ఏ సందులోకి వెళ్లినా ఒక తోపుడు బండి, రెండు కిరాణా కొట్లు కనిపిస్తాయి. ఆ దేశంలో కూడా దూరం ఒక్కటే కొలిచినందువల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఫిలడెల్ఫియాలో ఒక పేద ప్రాంతంలో ప్రభుత్వ సాయంతో కొత్త సూపర్‌మార్కెట్టు తెరిచిన తరువాత అక్కడివారు తినే కూరగాయల్లో, పండ్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదని 2014లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఉన్నవారికి, లేనివారికి ఆహారంలో ఉన్న తేడాలో దుకాణాల అందుబాటు వాటా పదో వంతు మాత్రమేనని 2019లో మరో పెద్ద పరిశోధన లెక్కకట్టింది. దుకాణం దగ్గర ఉన్నదా అన్న ప్రశ్న కంటే, చేతిలో ఉన్న డబ్బుకు, ఇంటికి చేరే వేళకు, వండుకునే వీలుకు సరిపోయేది ఆ దుకాణంలో దొరుకుతున్నదా అన్న ప్రశ్న బలమైనదన్న మాట.

మన బస్తీలో ఆ ప్రశ్నకు జవాబు సాయంత్రం ఆరున్నర దాటాక దొరుకుతుంది. నాలుగిళ్లలో పాచిపని ముగించుకుని, లేదా అడ్డా మీద దొరికిన కూలి పని చేసి ఇల్లు చేరే ఆడవాళ్లు అప్పుడు బండి దగ్గరకు వస్తారు. బండి మీద ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, టమాటా, పచ్చిమిర్చి, వంకాయ ఉంటాయి. పొద్దున తెచ్చిన తోటకూర, పాలకూర గోనెపట్టా కింద వాడి వేలాడుతుంటాయి. పండంటే బండి చివర వేలాడే అరటిగెలే. తక్కెడ పక్కన ఉంటుంది గానీ బేరం ఎక్కువగా పోగుల మీదే నడుస్తుంది. ఇరవై రూపాయల టమాటా పోగు, పది రూపాయల మిర్చి, కొసరుగా రెండు కొత్తిమీర రెబ్బలు. ఒకసారి అలాంటి ఇరవై రూపాయల పోగును పక్కనున్న కిరాణా కొట్టు తక్కెడలో వేయించి చూస్తే నాలుగు వందల గ్రాములు కూడా తూగలేదు, అందులో రెండు కాయలు పగిలి ఉన్నాయి. ఆ రోజు రైతుబజారు బోర్డు మీద కిలో ధర ముప్పై రూపాయలు. కిలో లెక్కన చూస్తే కారులో వెళ్లి సంచి నింపుకునేవారి కంటే నడిచివచ్చి పోగు కొనే మనిషి ఒకటిన్నర రెట్లకు పైగా చెల్లించినట్లు. ఫ్రిజ్ లేని ఇంట్లో, రోజు కూలి చేతికొచ్చే ఇంట్లో, ఒకేసారి రెండు కిలోలు కొని పెట్టుకోవడం కుదరదు కాబట్టి ఈ అదనపు ఖర్చు తప్పించుకోలేనిది.

దీనికి బండి ఆమెను నిందించడం సులువే గానీ న్యాయం కాదు. ఆమె తెల్లవారుజామున బోయినపల్లికో, గుడిమల్కాపూర్‌కో, మాదన్నపేటకో వెళ్లి, ట్రేలకొద్దీ సరుకు కొని, హమాలీ ఇచ్చి, మరో ముగ్గురితో కలిసి ట్రాలీ ఆటో మాట్లాడుకుని తెచ్చుకోవాలి. ట్రేలో అడుగున ఉన్న కాయలు ఎలా ఉన్నాయో ఇంటికి వచ్చి గుమ్మరించాకే తెలుస్తుంది. పెట్టుబడికి చాలామంది గిరిగిరి అప్పు మీద ఆధారపడతారు. వడ్డీ వ్యాపారి పొద్దున ఇచ్చినదానికి సాయంత్రం మరింత కలిపి వసూలు చేసుకుంటాడు. నీడ లేదు, నీళ్ల కుళాయి లేదు. మధ్యాహ్నం ఎండకు ఆకుకూర వాడిపోతే ఆ నష్టం ఆమెదే. అందుకే ఆమె నాలుగు రోజులు నిలిచే ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఎక్కువ తెస్తుంది, గంటల్లో పాడయ్యే ఆకుకూర, జామకాయ తక్కువ తెస్తుంది. బస్తీ ఇంటి కూరలో ఆకు ఎందుకు తగ్గిందో వెతికేవారు ఆ ఇంట్లో కంటే ఈ బండి మీద వెతికితే త్వరగా తెలుస్తుంది.

ఆ బండికి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టును చూడండి. గుమ్మానికి దండలుగా వేలాడే అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్టు ధర బంజారాహిల్స్‌లోనూ, బోరబండలోనూ ఒక్కటే. అది వాడిపోదు, కుళ్లదు, వర్షానికి తడవదు. కంపెనీవారి వ్యాను ఎంత ఇరుకు సందు చివరకైనా వచ్చి సరుకు వేసి వెళుతుంది, కొట్టువాడికి అరువు కూడా ఇస్తుంది. కొట్టువాడు దాన్నే ఖాతాలో రాసుకుని పిల్లవాడి చేతిలో పెడతాడు. ఇంత పకడ్బందీ ఏర్పాటు టమాటాకు, పెసరపప్పుకు, గుడ్డుకు ఎందుకు లేదని అడగకుండా, బస్తీ తల్లులకు పోషకాహారం మీద అవగాహన లేదని సభలు పెట్టి చెప్పడం నాకు ఎప్పుడూ ఎబ్బెట్టుగానే తోస్తుంది. గంగవాయిలి కూర పప్పులో వేస్తే ఏమవుతుందో, మునగాకు దేనికి మంచిదో నా విద్యార్థినులకు నేను చెప్పినదాని కంటే పాలమూరు నుంచి వలస వచ్చిన ముసలమ్మలు నాకు చెప్పినదే ఎక్కువ. జొన్నరొట్టె తిని పెరిగిన ఆ ఇళ్లలో ఇప్పుడు జొన్నపిండి కొనాలంటే డబ్బు పెట్టాలి, బియ్యం మాత్రం ఊరికే వస్తున్నాయి.

కనుక నేను కోరేది, పాలక సంస్థ ప్రతి బస్తీలోనూ ఏడాదికి నాలుగుసార్లు, అంటే ఎండాకాలంలో, వానల్లో, పండుగల ముందర, చలికాలంలో, ఒక లెక్క తీయించాలని. ఇందుకు కొత్త ఉద్యోగాలు అక్కరలేదు. మహిళా సంఘాల రిసోర్స్ పర్సన్లు, ఆశా కార్యకర్తలు ఆ సందులన్నీ ఎరిగినవారే. అయితే ఇప్పటికే తలకు మించిన పని మోస్తున్న వారి మీద దీన్ని ఉచిత సేవగా రుద్దకుండా తగిన పారితోషికం ఇవ్వాలి. ఇరవై రకాల సరుకులు ముందే నిర్ణయించుకుని, అవి బస్తీలో నడిచి వెళ్లగలిగినంత దూరంలో దొరుకుతున్నాయా, పావు కిలోకు లేదా పోగుకు ఎంత పడుతున్నది, పోగు అసలు బరువెంత, సరుకు తాజాదా వాడినదా, సాయంత్రం ఏడు గంటలకు ఏం మిగిలి ఉన్నది అన్నవి రాసుకోవాలి. అదే రోజు రైతుబజారు ధర పక్కన రాయాలి. ఆ రెండు ధరల మధ్య తేడాయే ఆ బస్తీ పేదరికం మీద పడుతున్న పన్ను. మూసీ వెంట మురుగు కలిసిన నీటితో పండే ఆకుకూర నగరంలోకి వస్తున్నదన్న సంగతి అందరికీ తెలిసినదే కాబట్టి, అదే విడతలో కొన్ని నమూనాలు పరీక్షకు పంపితే ఊహాగానాలకు బదులు నిజం తెలుస్తుంది.

లెక్కలో రెండో సగం ఇళ్లలో తీయాలి. నిన్న ఉదయం నుంచి రాత్రి దాకా ఏమేం తిన్నారని స్త్రీలను అడిగి, ధాన్యాలు, పప్పులు, పాలు, గుడ్లు, ఆకుకూరలు, పండ్లు వంటి పది రకాల ఆహార వర్గాల్లో కనీసం అయిదు తిన్నారా లేదా అని చూసే పద్ధతి ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆమోదించినదే. దానికి రక్తపరీక్ష అక్కరలేదు, యంత్రం అక్కరలేదు, పది నిమిషాల మాట చాలు. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఈ లెక్కకు నమూనా తయారు చేసి, మొదటి విడతను తమకు అంతదూరం లేని మాణికేశ్వరి నగర్‌లోనో, అడ్డగుట్టలోనో దగ్గరుండి నడిపిస్తే దేశంలోని మిగతా నగరాలకు అదొక దారి అవుతుంది.

లెక్క తేలాక చేయవలసినదానికి మన చేతిలో సాధనాలు లేకపోలేదు. రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలైనప్పుడు దళారీ లేని అమ్మకమన్న ఆలోచన ఇతర రాష్ట్రాల దృష్టినీ ఆకర్షించింది. ఈనాటికీ ఎర్రగడ్డ, మెహిదీపట్నం, సరూర్‌నగర్, ఫలక్‌నుమా రైతుబజార్లలో ధర టోకు కంటే కొంచెం ఎక్కువగా, బయటి చిల్లర కంటే తక్కువగా నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. కానీ వాటికి వెళ్లిరావడానికి రెండు ఆటోలు మారవలసిన బస్తీవారికి, ఆదా అయ్యే ముప్పై రూపాయలు దారిఖర్చుకే పోతాయి. పైగా సరుకు బాగుండే పొద్దుటి వేళ వారు ఇతరుల ఇళ్లలో అంట్లు తోముతూ ఉంటారు. 2020 లాక్‌డౌన్ రోజుల్లో మార్కెటింగ్ శాఖ సంచార రైతుబజార్ల పేరుతో వాహనాలను కాలనీల్లోకి పంపింది. అది అసాధ్యం కాదని అప్పుడే రుజువైంది. ఆ వాహనాలను ఇప్పుడు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, అపార్టుమెంట్ల గేట్ల ముందు కాకుండా బస్తీ మొదట్లో నిలబెట్టి, పావు కిలో కూడా బోర్డు ధరకే ఇవ్వాలన్న ఒక్క షరతు పెడితే చాలా మారుతుంది.

అంతకంటే ముఖ్యమైనది వారపు అంగడి. సోమవారం ఒక చోట, మంగళవారం మరో చోట, సాయంత్రం పూట రోడ్డు పక్కన వెలిసి రాత్రికి ఎత్తేసే అంగళ్లు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి. ఏ అధికారీ పథకం రచించకుండా పేదల వేళకు, పేదల జేబుకు సరిపోయేలా తనంతట తాను ఏర్పడిన బజారు ఇదొక్కటే. సరుకు ఎక్కువ, పోటీ ఎక్కువ, కాబట్టి ధర తక్కువ, రాత్రి తొమ్మిది దాటితే మరీ తక్కువ. ట్రాఫిక్కు అడ్డమని ఈ అంగళ్లను ఒకచోటి నుంచి మరోచోటికి తరుముతుంటారు. ట్రాఫిక్కు ఇబ్బంది నిజమే, నేనూ అనుభవించాను. కానీ 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అయిదేళ్లకొకసారి సర్వే జరగాలి, సర్వే ముగిసేదాకా వ్యాపారులను ఖాళీ చేయించకూడదు, పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఈ చట్టం వచ్చిన తరువాత వారపు అంగడికి స్థలం చూపించడం దయాధర్మం కాదు, బాధ్యత. ఆదివారాలు ఖాళీగా ఉండే ప్రభుత్వ పాఠశాలల మైదానాలు, కమ్యూనిటీ హాళ్ల ఆవరణలు, సాయంత్రానికి ఖాళీ అయ్యే కార్యాలయాల పార్కింగు స్థలాలు చాలా ఉన్నాయి. అక్కడ లైట్లు, ఒక కుళాయి, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, తూకం సరిచూసుకునేందుకు ఒక ప్రభుత్వ తక్కెడ ఉంటే చాలు. వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన స్వనిధి రుణాన్ని బండి ఆమెకు సమయానికి ఇప్పించగలిగితే గిరిగిరి వడ్డీ భారం ఆమె ధరలో నుంచి తగ్గుతుంది.

బ్రెజిల్‌లోని బెలో హొరిజాంతె నగరంలో 1993లో కొత్తగా వచ్చిన మేయరు పత్రుస్ అననీయాస్ ఆహారం కోసం ప్రత్యేక విభాగమే ఏర్పాటు చేశారు. నగరపాలక సంస్థ తన ఆధీనంలోని మంచి స్థలాలను కూరగాయల వ్యాపారులకు ఇచ్చి, అందుకు బదులుగా ఇరవై రకాల వరకు సరుకులను తాను నిర్ణయించిన తక్కువ ధరకు అమ్మాలనీ, వారాంతాల్లో సరుకును శివారు పేటలకు కూడా తీసుకువెళ్లాలనీ షరతు పెట్టింది. మిగతా సరుకులను వ్యాపారులు తమ ఇష్టమొచ్చిన ధరకు అమ్ముకోవచ్చు. చవక భోజనశాలలు, పాఠశాల భోజనం అన్నీ కలిపి నగర బడ్జెటులో రెండు శాతం లోపే ఖర్చయింది. భిక్షగా కాకుండా స్థలం రూపంలో సాయం చేసి ధర తగ్గించిన ఈ ఉపాయం మన అంగళ్లకు అతికినట్లు సరిపోతుంది, ఎందుకంటే హైదరాబాదులో పాలక సంస్థ దగ్గర డబ్బు కంటే విలువైనది స్థలమే.

ఇక ఉన్న పథకాల్లో సరిచేసుకోవలసినవి కొన్ని. 2014లో మొదలై, ఇప్పుడు ఇందిరమ్మ పేరు పెట్టుకున్న అయిదు రూపాయల క్యాంటీన్లు ఆకలి తీరుస్తున్నాయి, అందులో సందేహం లేదు. అయితే 400 గ్రాముల అన్నానికి 100 గ్రాముల కూర అన్న కొలతతో మొదలైన భోజనమది. అన్నం ఎలాగూ ఇంట్లో ఉన్నది కాబట్టి క్యాంటీనులో అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూర, వారంలో రెండు రోజులైనా గుడ్డు చేర్చడం మేలు. రేషను దుకాణంలో కందిపప్పు, నూనె మళ్లీ చేర్చాలన్న మాట కొత్తది కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చారు. నాణ్యత మీద ఫిర్యాదులతో, సరుకు సక్రమంగా రాక అది నీరుగారిపోయింది గానీ ఆలోచన తప్పు కాదు. భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది మన నగరానికి రెండు మూడు గంటల దూరంలో పండుతున్నది. దాన్ని రైతు దగ్గర కొని పేద ఇంటికి చేర్చడానికి రేషను దుకాణం కంటే దగ్గర దారి లేదు.

పిల్లల విషయంలో నగరానికి ప్రత్యేకమైన ఒక లోపం ఉన్నది. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం, వారానికి గుడ్లు ఉన్నాయి. కానీ హైదరాబాదు బస్తీల్లో పిల్లలు ఎక్కువమంది చదివేది ఇంగ్లీషు మీడియం అని బోర్డు పెట్టుకున్న, రెండు మూడంతస్తుల ఇళ్లలో నడిచే, తక్కువ ఫీజు ప్రైవేటు బడుల్లో. ఆ తల్లిదండ్రులు నెలకు ఫీజు కట్టడానికే కూరగాయల ఖర్చు తగ్గించుకుంటారు, బడిలో భోజనమూ ఉండదు. పథకాల లెక్కల్లో ఈ పిల్లలు బాగా ఉన్నవారి పిల్లలుగా చలామణి అవుతున్నారు. వారికి బస్తీ అంగన్‌వాడీ ద్వారానో, బస్తీ దవాఖానా ద్వారానో రోజుకొక గుడ్డు ఇవ్వడం కష్టమేమీ కాదు. గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనం, పాలు, గుడ్డు ఇచ్చే ఆరోగ్యలక్ష్మి పథకం 2015 నుంచి నడుస్తున్నదే. నగరంలో అంగన్‌వాడీలు అద్దె గదుల్లో ఇరుక్కుని ఉండడం, పనికి వెళ్లే తల్లి మధ్యాహ్నం అక్కడికి వచ్చి తినలేకపోవడం వేరే సమస్యలు. వాటిని గురించి రాయాలంటే ఇంకో లేఖ కావాలి.

ఇంత ఖర్చు ఎక్కడి నుంచి తెస్తారని అడిగేవారికి ఒక్క మాట. బోయినపల్లి మార్కెట్టులో రోజూ టన్నులకొద్దీ మిగిలిపోయిన, పాడైన కూరగాయలతో విద్యుత్తు తయారు చేస్తున్నారు. 2021లో ప్రధానమంత్రి కూడా తన ఆకాశవాణి ప్రసంగంలో దాన్ని మెచ్చుకున్నారు. చెత్తను విద్యుత్తుగా మార్చడం మంచిదే. అయితే అంత సరుకు ఎవరూ తినకుండానే ప్లాంటుకు చేరుతున్న నగరంలో, అందులో కొంతైనా మధ్యాహ్నానికి ముందే వేరు చేసి సాయంత్రపు అంగడికి తక్కువ ధరకు చేర్చవచ్చునేమో మార్కెట్టు కమిటీ ఎందుకు ఆలోచించకూడదు? నగరంలో సరుకు లేక కాదు, అది సరైన సందులోకి, సరైన వేళకు, సరైన తూకంలో రాకపోవడం వల్లనే బస్తీవారికి అందడం లేదు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. నగర ఎడిషనులో రైతుబజారు ధరలు అచ్చువేయడం మన పత్రికల్లో మామూలే. ఆ పట్టికలో ఇంకొక గడి చేర్చండి. వారానికొకసారి ఒక బస్తీని ఎంచుకుని, అక్కడ సాయంత్రం ఏడు గంటలకు పావు కిలో టమాటా, ఒక పాలకూర కట్ట, ఒక గుడ్డు, పావు కిలో కందిపప్పు ఎంతకు దొరుకుతున్నాయో మీ విలేకరి చేత తెప్పించి రైతుబజారు ధర పక్కన వేయండి. పాలక సంస్థ తన లెక్క తాను మొదలు పెట్టేదాకా ఆ గడిని నడిపిస్తే, మొదటి వారానికి మా వారాసిగూడ చుట్టుపక్కల బస్తీల ధరలు నేను స్వయంగా రాసి పంపుతాను.

భవదీయురాలు,
గృహవిజ్ఞాన విశ్రాంత అధ్యాపకురాలు,
వారాసిగూడ, సికింద్రాబాదు.